నోటి బరువు దించే వేళ

ఆ గంట మోగలేదు. గొడవంతా అక్కడే మొదలైంది.

కంచు గంటలు పోతపోసే కొట్టంలో పుట్టి, ఆ కొట్టంలోనే నడక నేర్చిన పిల్ల, తాత దగ్గర పని పట్టుకుని తన చేత్తో పోసిన తొలి గంట అది. తను చదివే బడికే పోసింది. పొద్దున్నే పిల్లలందరూ బారులు తీరి నిలబడి ఉండగా హెడ్మాస్టరు తాడు లాగాడు. ఖంగుమనాల్సిన గంట 'డబ్' మంది, బీటలు వారిన కడవని కర్రతో కొట్టినట్టు. ఆ తర్వాత బడి బడంతా నవ్వింది. ఆ చప్పుడునీ, ఆ నవ్వునీ, పాలిపోయిన ఆ పిల్ల ముఖాన్నీ కలిపి ఒక కుర్రాడు ఫోనులో పట్టి లోకం మీదికి వదిలాడు. తెల్లారేసరికి దాని కింద కామెంట్లు తొలకరి ఉసిళ్ళలా లేచాయి.

కొట్టంలో ఆమెను ముద్దుగా నిప్పుకోడి అంటారు. పొడుగు కాళ్ళు, పొడుగు మెడ, పొద్దస్తమానం నిప్పు చుట్టూ తచ్చాడటం. ఆ పేరు కొట్టం గోడలు దాటి ఎరగదు. అదీ కామెంట్లలోకి ఎక్కింది. ఇంక దారిన పోయే ప్రతివాడికీ ఆమె నిప్పుకోడే, కాకపోతే డబ్బా.

అవన్నీ ఒక ఎత్తు. ముక్కూ మొహం లేని ఖాతా నుంచి వచ్చిన ఒక్క కామెంటు ఒక ఎత్తు. "పోసేటప్పుడు చెయ్యి ఆగింది. భయపడింది. పిరికి చేతికి మూస ఇచ్చినవాళ్ళని అనాలి." కంచు కరిగే కుండని వాళ్ళు మూస అంటారు. ఆ మాట ఆమె గుండెలో మేకులా దిగబడటానికి కారణం, అది నిజం. మూస వంచి కంచు పోస్తుండగా నిప్పురవ్వ ఒకటి చెంప పక్కనుంచి పోయింది. చెయ్యి ఆగింది. రెప్పపాటే. ఆ రెప్పపాటులో కింది కంచు పైన పొర కట్టింది, పై కంచు దానికి అతకలేదు, గంట గొంతు పోయింది.

ఆ సంగతి తెలిసింది ఇద్దరికే. ఎదురుగా చూసిన తాతకి, మూస మోసే కడ్డీ వెనక కొస పట్టిన అత్తకి. తాతకి ఫోనంటే గంటల బేరాలు మాట్లాడే పెట్టె, అంతకంటే తెలీదు. అంటే అత్తే రాసింది. అలా అనుకుని, ఒళ్ళు మండి, ఆ వీడియో కిందే తన పేరు మీదే నిప్పుకోడి రాసింది: "గంట అచ్చు మా అత్త చేసింది. అచ్చు తడిగా ఉంది. తప్పు నాది కాదు."

అచ్చు తడిగా లేదు. అత్త చేసిన అచ్చు ఏనాడూ తడిగా లేదు. కానీ ఉసిళ్ళ మంద ఆ దీపం వదిలి ఈ దీపం మీద పడింది. మట్టి పిసకడం రానివాళ్ళంతా అత్త మట్టి గురించి మాట్లాడారు. పక్క ఊళ్ళ కొట్టాలవాళ్ళు ఆమె దగ్గర అచ్చులు చేయించుకోవడం మానేశారు. తల్లి పోయినప్పటి నుంచీ నిప్పుకోడి తల దువ్విన మనిషి, ఆ రోజు నుంచి కంచంలో అన్నం వడ్డించి పక్కకి తిరిగిపోతోంది. ఎందుకు రాశావని ఒక్క మాట అడగలేదు.

నిప్పుకోడి బడి మానేసింది. మూస ముట్టనంది. చివరికి తాత కొత్త అచ్చు గుంటలో దింపించి, "ఈ గంట నువ్వు పోస్తే నువ్వు ఈ కొట్టం మనిషివి. పొయ్యనంటే కడ్డీ ముందు కొస ఇంకొకరికి ఇస్తాను, మళ్ళీ అడక్కు" అన్నాడు. అదే వారంలో బడి నుంచి కబురొచ్చింది. కామెంట్లు రాసిన పిల్లలు క్షమాపణ చెప్పుకోవడానికి వస్తారట. "రమ్మనండి. పోత రోజునే రమ్మనండి" అన్నాడు తాత.

ఆ పోత రోజు ఇదే.

* * *

పొద్దు బారెడు ఎక్కింది. కొట్టం పైరేకుల సందుల్లోంచి ఎండ కడ్డీల్లా దిగి, మసి పట్టిన నేల మీద నిలబడింది. నడిమధ్య గుంట. గుంటలో మెడ దాకా మట్టిలో పాతిన అచ్చు, పైన కంచు పొయ్యడానికి పిడికిలంత నోరు. గుంటకి ఎడంగా కొలిమి. కొలిమి పక్కన రెండు ఇటుకల వరసల మీద పొడవాటి ఇనప కడ్డీ. కడ్డీ మధ్యలో చుట్టు, ఆ చుట్టులో మూస కూర్చుంటుంది. ముందొకరు, వెనకొకరు ఎత్తాలి. ముందు కొస పట్టినవాళ్ళు మూసని వంచుతారు. వెనక కొస పట్టినవాళ్ళకి అచ్చు కనపడదు, కంచు కనపడదు, ముందువాళ్ళ వీపే కనపడుతుంది. ఆ వీపుని నమ్మి అడుగు వెయ్యాలి.

వెనక కొస ఎప్పుడూ అత్తదే.

నిప్పుకోడి తోలుగుడ్డ కట్టుకుని కొలిమికి దూరంగా గోడవార నిలబడింది. ఒంటి మీదికి తోలు వచ్చింది గానీ కాళ్ళు ఇంకా ఇంట్లోనే ఉన్నట్టున్నాయి. గుమ్మం దగ్గర అలికిడైంది. ముందు టీచరు, వెనక పిల్లలు. వారానికో పీరియడు మంచీ చెడూ, మన్ననా మాటతీరూ చెప్పే టీచరు. పిల్లలు చాటుగా నడత టీచరు అంటారు. ఆమె చేతిలో పెద్ద రంగు అట్ట, దాని మీద అందరి సంతకాలు.

"ఒరేయ్ బాబులూ, ఆ సున్నం గీత దాటకండి. దాటితే బూట్లు కాళ్ళకి అతుక్కుపోయి, పడుకున్నా ఊడవు" అన్నాడు తిత్తి మామ. ఒకప్పుడు తోలుతిత్తి ఊదేవాడు. ఇప్పుడు మీట నొక్కి కరెంటు పంకా తిప్పుతాడు. తిత్తి పోయినా పేరు పోలేదు.

టీచరు అట్ట చాచింది. "పెద్దాయనా, పిల్లలందరూ కలిసి రాశారు. చదివి వినిపిస్తాం."

తాత అట్ట అందుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, పనిముట్ల అర మీద జాగ్రత్తగా ఆనించాడు. "బాగుందమ్మా. దీని పని తర్వాత. ముందు నోటి బరువు దించాలి."

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. తిత్తి మామకి అలాంటి సందు దొరికితే చాలు.

"అదేంటంటే నాయనా, కంచు మరిగే వేళకి కొట్టంలో ఎవరి మీద ఎవరు చాటున ఏమన్నా, ఆ మాట మొహం మీద చెప్పెయ్యాలి. చెప్పకుండా మింగితే అడుగులు కలవవు. అడుగులు కలవకపోతే మూస ఊగుతుంది." లుంగీ అంచు పైకి లాగి పిక్క చూపించాడు. అక్కడ చర్మం ఎండిన ఆకులా ముడుచుకుని మెరుస్తోంది. "ఇది నేను మా బావని సైకిలు దొంగ అన్న మాటకి గుర్తు. చాటున అన్నాను, చెప్పకుండా మూస ఎత్తాను. సగం దూరంలో వాడి కళ్ళల్లోకి చూశాను, అయిపోయింది. సైకిలేమో మా ఇంటి వెనకే దొరికింది."

ఎవరో కిసుక్కుమని, మళ్ళీ నోరు మూసుకున్నారు.

"మీరు మూస ఎత్తరు, నిజమే" అన్నాడు తాత. "కానీ ఎత్తేటప్పుడు ఆ పిల్లకి మీ మొహాలు కనపడతాయి. కనపడగానే మీరు రాసినవి గుర్తొస్తాయి. చెయ్యి ఆగుతుంది. అందుకని ఎవరేది రాశారో అది చెప్పండి. రాసినట్టే చెప్పాలి. అక్షరం తగ్గకూడదు, పెరగకూడదు. కళ్ళల్లోకి చూసి చెప్పాలి. అది విన్నాను అంటుంది. మీరు పక్కకి జరుగుతారు. జవాబుండదు, వాదనుండదు, ఏడుపుంటే బయటికెళ్ళి ఏడవాలి."

టీచరు కనుబొమలు ముడిపడ్డాయి. "పెద్దాయనా, తప్పుగా అనుకోకండి. అవే మాటలు మళ్ళీ ఆ పిల్లని నిలబెట్టి అనిపిస్తే, మానుతున్న గాయం మళ్ళీ రేపినట్టు కాదా?"

మంచి ప్రశ్న. తాత దాన్ని తోసెయ్యలేదు. గోడవైపు తిరిగాడు. "ఏమే, విన్నావుగా. వద్దంటే చెప్పు, ఇప్పుడే అందరికీ మంచినీళ్ళిచ్చి పంపించేద్దాం. కొస ఎవరికిచ్చినా ఈ విషయంలో నీ మాటే."

నిప్పుకోడి తోలుగుడ్డ ముడి బిగించుకుంది. "చెప్పనీ తాతా. కళ్ళు మూసుకుంటే చాలు, అన్నీ ఒకే గొంతుతో వినపడతాయి. ఎవరి గొంతో తెలీదు. తెలిస్తే మేలు."

ఆ మాటకి టీచరు ముఖంలో ఏదో కదిలింది. ఆమె పిల్లల వైపు తిరిగి, "వరసలో నిలబడండి" అంది. పిల్లలు నిలబడ్డాక, వాళ్ళ ముందుకొచ్చి తను నిలబడింది.

"టీచర్, మీరెందుకు?" అంది నిప్పుకోడి.

"నేనేమీ రాయలేదమ్మా. పడీపడీ నవ్వే పసుపు మొహం బొమ్మ ఉంటుందే, అది నొక్కాను. బస్సులో కూచుని నొక్కి, తర్వాతి వీడియోకి వెళ్ళిపోయాను. అందులో ఉంది మన పిల్లేనని ఇంటికెళ్ళాక తెలిసింది. తెలిశాక కూడా తీసెయ్యలేదు. ఎవరు చూశారులే అనుకున్నాను."

తిత్తి మామ తల గోక్కున్నాడు. "మరి దాంట్లో అక్షరాల్లేవే. ఎలా దింపుతారు?"

"నవ్వాలి" అంది టీచరు.

ఆమె ఆ పిల్ల కళ్ళల్లోకి చూసింది. చూసి నవ్వింది. మొదటిసారి గొంతులోంచి ఏదో గీసుకుపోయిన చప్పుడు మాత్రమే వచ్చింది. మళ్ళీ నవ్వింది. పొట్ట పట్టుకుని, తల వెనక్కి వాల్చి, ఆ బొమ్మ ఎలా నవ్వుతుందో అలా. కొట్టం రేకులకి తగిలి ఆ నవ్వు తిరిగొచ్చింది. ఎదురుగా మనిషి నిలబడి చూస్తుండగా మనిషి అలా నవ్వడం ఆ పిల్లలెవరూ ఎన్నడూ చూడలేదు. ఒకడు చెవులు మూసుకున్నాడు. నవ్వు ఆగాక టీచరు రొమ్ము ఎగసిపడుతోంది, బరువైన బిందె మోసుకుని మెట్లెక్కినట్టు. అయినా చూపు తిప్పలేదు.

నిప్పుకోడి గోడ వదిలి ఒక అడుగు ముందుకొచ్చింది. ఇంత పెద్ద మనిషి, ఇన్ని పాఠాలు చెప్పిన మనిషి, వీళ్ళందరి ఎదుటా ఈ పని చేసింది. తను చేయగలదా?

"విన్నాను, టీచర్" అంది.

తర్వాత వీడియో తీసిన కుర్రాడు. నిప్పుకోడి కంటే చిన్న తరగతి. ఇప్పుడిప్పుడే గొంతు మారుతోంది. చెమటకి చొక్కా వీపుకి అంటుకుంది.

"గంట కాదు, డబ్బా. దాన్ని పోసిన... పోసిన అక్క కూడా..."

"అక్షరం మారింది" అన్నాడు తాత.

కుర్రాడు మళ్ళీ మొదలెట్టాడు. "గంట కాదు, రేకు డబ్బా. దాన్ని పోసిన మొహం కూడా అంతే, చూడండి." చివర్లో గొంతు జారి కోడిపిల్ల కూతలా పీలగా పలికింది.

నిప్పుకోడి వాణ్ణి తేరిపార చూసింది. ఇన్నాళ్ళూ తన తలలో ఆ మాటకి కొండంత గొంతు ఉంది. చీకటి గదిలో ఎవరో ఆరడుగుల మనిషి నిలబడి అంటున్నట్టు ఉండేది. ఆ గొంతు ఇదా? ఈ కుర్రాడిదా? పై పెదవి మీద నూగు కూడా సరిగా రాలేదు. మాట అదే, అక్షరం తేడా లేదు. కానీ పలికిన నోరు కనపడేసరికి ఆ కొండ కరిగి, ఒక మనిషి పట్టేంత అయింది.

"విన్నాను."

ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. కొందరికి రాసింది గుర్తులేదు. పక్కవాడు గుర్తుచేస్తే, తనే రాశానా అని తెల్లబోయి, అప్పుడు చెప్పారు. ఒకమ్మాయి కామెంటు చెప్పి, అది తనకి తానే విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తిత్తి మామ పంకా మీట మీద చెయ్యి వేసి, నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. ఏ పోత రోజునా ఇంత బరువు ఈ నేల మీద దిగలేదు.

చివరగా ఒంటి జడ పిల్ల. బడిలో నిప్పుకోడి పక్కన కూచునే పిల్ల. ఆ ముద్దు పేరు బయటి మనుషుల్లో తెలిసింది ఈమె ఒక్కదానికే.

"నిప్పుకోడి ఇసకలో తల దాచుకుందా? బయటికి రావే, డబ్బా మోగిద్దాం."

ఆమె ఏడవలేదు. ఆగి ఆగి చెప్పలేదు. ఒక్క ఊపులో, పిడి ఎదుటివాళ్ళ చేతికి అందేలా కత్తి ఇచ్చినట్టు చెప్పింది. తర్వాత ఇంకేదో చెప్పబోయి, నియమం గుర్తొచ్చి పెదవి కొరుక్కుని ఆగిపోయింది. నిప్పుకోడికి ఈసారి 'విన్నాను' వెంటనే రాలేదు. చాలాసేపటికి వచ్చింది.

వరస అయిపోయిందనుకున్నారు అందరూ.

అప్పుడు తాత చేతిలోని, కంచు మీద తేలే చిట్టెం తీసే గరిటని పక్కన పెట్టాడు. నెత్తిమీది తోలు టోపీ తీశాడు. మెల్లిగా నడిచి, ఒంటి జడ పిల్ల వెనక నిలబడ్డాడు. పిల్లని దగ్గరుండి పక్కకి జరపడానికి వచ్చాడనుకున్నారు. ఆ పిల్ల జరిగింది. తాత జరగలేదు. ఒక అడుగు ముందుకు వేసి, మనవరాలి ఎదురుగా వచ్చి ఆగాడు.

ఆ కొట్టంలో తాత ఎవరి ముందూ టోపీ తీసిన గుర్తు ఎవరికీ లేదు. నెత్తి మీద వెంట్రుకలు పలచబడి, కింద చర్మం లేత గులాబి రంగులో, పసిపిల్లల మాడులా ఉంది. నిప్పుకోడి అది మొదటిసారి చూసింది.

"తాతా?"

"పోసేటప్పుడు చెయ్యి ఆగింది" అన్నాడు తాత. "భయపడింది. పిరికి చేతికి మూస ఇచ్చినవాళ్ళని అనాలి."

తిత్తి మామ మీట వదిలేసి ఇటు తిరిగాడు.

ఈ ముసలాయన. ఎన్నో పోత రోజుల్లో, ఎంతమంది చేతో మాటలు దింపించిన మనిషి. మాట మొహం మీద చెప్పనివాణ్ణి కొట్టంలోకి రానివ్వని మనిషి. మనవరాలి మొహం చూసి ఆ ఒక్క మాట అనలేక, బేరాల ఫోను తీసి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ముక్కూ మొహం లేనివాడిలా రాశాడు. ఇప్పుడు తన కొట్టంలో, తన నియమం ముందు, బడిపిల్లల వెనక వరసలో నిలబడి దింపుతున్నాడు. ఎందుకు రాశాడో చెప్పలేదు. చెప్పకూడదు కూడా. కళ్ళు మాత్రం ఎర్రగా, తడిగా, రెప్ప వెయ్యకుండా ఆమె కళ్ళల్లోనే ఉన్నాయి.

నిప్పుకోడికి అడగాలనిపించింది. అరవాలనిపించింది. ఆ రెండిటికంటే పెద్దది ఇంకేదో ఆమె మెడలు వంచింది. ఆకాశం నిండా మెరుపు మెరిసినప్పుడు మనిషికి ఏమనిపిస్తుందో అది.

"విన్నాను, తాతా."

తాత టోపీ పెట్టుకుని పక్కకి జరిగాడు. ఆయన జరిగిన చోట, వెనకాల, గుంట అంచున అత్త కనపడింది. మోకాళ్ళ మీద కూచుని అచ్చు నోటి చుట్టూ దుమ్ము ఊదుతోంది. తల ఎత్తలేదు.

అత్త రాయలేదు.

ఆ సంగతి నిప్పుకోడి లోపల నిదానంగా, కింది నుంచి పైకి నిండింది. అత్త రాయలేదు. తను మాత్రం అత్త మీద రాసింది.

"కంచు వచ్చింది!" అని కేకేశాడు తిత్తి మామ.

కొలిమి మూత జరిపారు. పిల్లలు ఒక్కసారి వెనక్కి తగ్గారు. కరిగిన కంచు ఎరుపు కాదు, పసుపు కాదు. చూసిన కన్ను దానికి రంగు పేరు పెట్టలేక ఓడిపోతుంది. పైన పలచని పొర కదులుతూ, తెరుచుకుంటూ, మూసుకుంటూ, లోపల ఏదో ప్రాణమున్నది నిద్రలో ఒత్తిగిల్లుతున్నట్టుంది. ఒంటి జడ పిల్ల "అమ్మో" అంది, తనకే వినపడనంత మెల్లిగా.

తాత ముందు కొస పట్టేవాళ్ళని అడగాల్సింది అడిగాడు. "నీదేమైనా ఉందా?"

"ఉంది."

నిప్పుకోడి గుంట అంచుకి నడిచింది. అత్త లేచి నిలబడింది. మట్టి చేతులు తోలుగుడ్డకి తుడుచుకుని, చేతితొడుగులు వేసుకుంది. ఎన్నాళ్ళ తర్వాతో ఇద్దరూ ఎదురెదురుగా చూసుకున్నారు.

"గంట అచ్చు మా అత్త చేసింది." టీచరు నవ్విన నవ్వు గుర్తు తెచ్చుకుంది. "అచ్చు తడిగా ఉంది. తప్పు నాది కాదు."

అయిపోయింది. ఇంక అత్త ఒక్క మాట అనాలి. అందరూ ఆ మాట కోసం చూశారు. అత్త అనలేదు.

"అక్కా, కంచు..." అన్నాడు తిత్తి మామ.

"నాకు తెలుసు కంచు సంగతి. ఏమే, ఈ మాట నువ్వు ఇక్కడ అన్నావా?"

"లేదత్తా."

"ఎక్కడ అన్నావు?"

"ఫోనులో. ఆ వీడియో కింద."

"ఊరందరి ముందూ నెత్తిన పెట్టిన బరువు, నా ఒక్కదాని చెవిలో చెప్తే దిగుతుందటే? ఎక్కడ పెట్టావో అక్కడే దింపు. అప్పుడు వింటాను."

"ఆ ఖాతా నాది" అన్నాడు వీడియో తీసిన కుర్రాడు, ఎవరూ అడక్కుండానే. వాడి మొహం పాలిపోయి ఉంది. "వీడియో పెట్టింది అందులోనే. అప్పుడు చూసినవాళ్ళంతా అక్కడే ఉంటారు. లైవ్ పెట్టొచ్చు. పెట్టనా అక్కా?"

ఇందాక రేకు డబ్బా అన్న నోరే అక్కా అంటోంది. నిప్పుకోడికి నవ్వూ ఏడుపూ రెండూ రాలేదు. లైవ్ అంటే మళ్ళీ అదే మంద. అవే పళ్ళు, అవే గోళ్ళు. ఇక్కడ నిలబడినవాళ్ళకి మొహాలున్నాయి. అక్కడివాళ్ళకి ఉండవు.

"ఎంతసేపు ఆగుతుంది మామా?"

"ఆగదే తల్లీ. ఎక్కువ కాగితే కంచులోని తగరం పొగైపోతుంది. గంటలో గొంతు ఉండదు."

ఆమె కుర్రాడి వైపు తిరిగింది. "పెట్టు."

వాడు ఫోను రెండు చేతులా పట్టుకుని ఎత్తాడు. తెర మూలన చూసేవాళ్ళ లెక్క ఎక్కుతోంది. ఆమె నోరు తెరవకముందే కింద నుంచి మాటలు పైకి పాకడం మొదలెట్టాయి. కుర్రాడి కళ్ళు వాటి వెంట పరుగెత్తాయి. ఫోను కిందికి దిగబోయింది.

"వద్దక్కా. డబ్బా మళ్ళీ వచ్చిందిరో అంటున్నారు. ఇంకా..."

"దించకు."

"చాలా పాడుగా..."

"దించకన్నానా. నువ్వు చదవకు, నేను చూడను. పట్టుకో చాలు."

టీచరు వచ్చి కుర్రాడి వెనక నిలబడి, వాడి మోచేతుల కింద తన చేతులు ఆనించింది. ఫోను నిలిచింది.

"నేను ఆ డబ్బా పోసినదాన్ని" అంది నిప్పుకోడి. కొలిమి వెలుగు ఒక పక్క చెంప మీద ఆడుతోంది. "అచ్చు తడిగా ఉందని రాశాను. అబద్ధం. అచ్చు ఎండిన ఎముకలా ఉంది. మా అత్త అచ్చు ఎప్పుడూ తడిగా ఉండదు. కంచు పోస్తుంటే నా చెయ్యి ఆగింది. నేను భయపడ్డాను. ఆమెని అన్న మాటలన్నీ నావి. మీరు అనాలంటే నన్నే అనండి. నా చేతిని అనండి."

ఆమె తెర వైపు చూడలేదు. అక్కడ ఏం పాకుతోందో ఏమో, కుర్రాడి కళ్ళల్లో దాని నీడ మాత్రం కదులుతోంది. ఆమె అత్త వైపు తిరిగింది. ఇంక తన దగ్గర ఏమీ లేదు. దాచుకున్నది లేదు, పట్టుకున్నది లేదు. ఒళ్ళు తేలికై, గాలి వీస్తే లేచిపోతుందేమో అనిపించింది.

అత్త ఆమెను నెత్తి నుంచి పాదాల దాకా చూసింది. కొత్త అచ్చుని ఆరబెట్టేముందు చుట్టూ తిరిగి ఎలా చూస్తుందో అలా.

"విన్నాను" అంది.

తిత్తి మామ పటకారుతో మూసని ఎత్తి కడ్డీ చుట్టులో కూర్చోబెట్టాడు. తాత గరిటతో పైన తేలిన చిట్టెం లాగేశాడు. కంచు అద్దంలా తేటబడింది. నిప్పుకోడి కన్నీళ్ళు మోచేత్తో తుడుచుకుని ముందు కొస వైపు అడుగేసింది.

అక్కడ అత్త నిలబడి ఉంది.

వెనక కొస దాటి, మూస దాటి, నడిచి వెళ్ళి, ముందు కొస రెండు చేతులా పట్టుకుని వంగి నిలబడింది. ఆమె ముందు కొస పట్టడం ఎవరూ చూసి ఎరగరు. వెనక, ఇటుకల మీద, రెండో కొస ఒంటరిగా ఉంది.

నిప్పుకోడికి ఎదురుగా ఇప్పుడు అత్త వీపు. చెమటకి తడిసిన జాకెట్టు, భుజం మీద పాత కాలిన మచ్చ. అది తప్ప అచ్చు కనపడదు, కంచు కనపడదు. తన చోటు పోయిందో, తనకో చోటు దొరికిందో ఆ వీపు చెప్పదు. ఫోను ఇంకా ఎత్తే ఉంది. లోకమంతా చూస్తోంది. కంచు మీద మళ్ళీ సన్నటి పొర పాకుతోంది.

అత్త వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఎత్తుతున్నావా, ఇంకెవర్నైనా పిలవనా?"